బాకీ సర్కారుది, శిక్ష విద్యార్థికా?

2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి నిజామాబాద్ జిల్లా బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌ను మూసేశారు. 1937లో పుట్టి, ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. ఐటీఐ చదివినా, డిప్లొమా చేసినా ఊళ్లోనే కొలువు దొరుకుతుందన్న ధీమా దానితోనే పోయింది. ఇంటర్ గట్టెక్కిన పిల్లలకు ఇప్పుడు ముందుగా కనిపించేవి రెండే దారులు: హైదరాబాద్‌లో బీటెక్, లేదంటే గల్ఫ్ వీసా.

ఆ బీటెక్ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఎంట్రన్స్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద సర్కారు సాధారణంగా ఇచ్చేది ఏడాదికి గరిష్ఠంగా రూ.35,000. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో పెట్టిన పరిమితి అది. రాజధానిలో పేరున్న కాలేజీల ఫీజు ఎప్పుడో లక్ష దాటింది. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర మించని ఇళ్లకే ఈ పథకం వర్తిస్తుంది. కౌలుకు వరి వేసే తండ్రి, బీడీలు చుట్టే తల్లి మిగతా సొమ్ము, హాస్టల్ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? అప్పు చేస్తారు.

ఇస్తామన్న ఆ కాస్తా సమయానికి రాదు. చదువు ముగించి టీసీ, మెమోల కోసం వెళ్తే, ‘మీ రీయింబర్స్‌మెంట్ పడలేదు, ముందు మీరు కట్టండి, సర్కారు వేశాక తిరిగి ఇస్తాం’ అంటారు కౌంటర్లో. చేతిలో ఉద్యోగపు ఆఫర్ లెటర్, చేరాల్సిన గడువు మూడు రోజులు. తల్లి పుస్తెలతాడు కుదువకు పోతుంది.

కాలేజీల గోడు అబద్ధం కాదు. బకాయిల కోసం 2025 నవంబరు తొలి వారంలో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూశాయి. సర్కారు కొంత విడుదలకు ఒప్పుకున్నాకే తెరిచాయి. లెక్చరర్లకు జీతాలు ఇవ్వాలి కదా. అయినా విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. సర్కారు బాకీని పిల్లల నుంచి రాబట్టడం అన్యాయం.

నిజానికి హైదరాబాద్ దాకా వెళ్లకుండా దగ్గర్లోనే మంచి చదువులున్నాయి. బోధన్ పక్కన రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది; ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. పసుపుకు, వరికి పేరున్న జిల్లాకు, 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చిన నిజామాబాద్ పట్టణానికి ఇంతకన్నా నప్పే కోర్సు ఏముంటుంది? డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. కానీ ఊరూరా తిరిగి ఇంటర్ పిల్లల తల్లిదండ్రులను కలిసేది ప్రైవేటు కాలేజీల పీఆర్వోలే. సర్కారు కాలేజీల తరఫున ఆ గడపలు తొక్కేవారు లేరు. ఆ పని జిల్లా యంత్రాంగమే చేపట్టాలి. ప్రభుత్వ కాలేజీల్లో ఖాళీ అధ్యాపక పోస్టులు నింపాలి, హాస్టళ్లు కట్టాలి.

అంతకంటే ముందు, పాత బకాయిల్లో ఏ తేదీన ఎంత చెల్లిస్తారో ప్రభుత్వం బడ్జెట్‌లోనే రాసి చూపాలి. 2012 నాటి పరిమితిని సవరించాలి. బకాయి సాకుతో ఒక్క విద్యార్థి టీసీ ఆపినా ఆ కాలేజీ మీద చర్య తీసుకోవాలి.