పేరు చూసి తలుపు మూస్తే అడిగే చట్టమేది?

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. సమ్మె హక్కుపైనా, తొలగింపులపైనా కార్మిక సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలు న్యాయమైనవే. కానీ ముస్లిం యువతకు సూటిగా తగిలే ఒక లోపాన్ని గురించి మాట్లాడేవారు కనిపించడం లేదు.

వేతనాల కోడ్ మూడో సెక్షన్ చదవండి. ఉద్యోగంలోకి తీసుకోవడంలోనూ, జీతం ఇవ్వడంలోనూ యజమాని వివక్ష చూపరాదని అది శాసిస్తోంది. ఏ ప్రాతిపదికన? లింగ ప్రాతిపదికన మాత్రమే. 1976 నాటి సమాన వేతన చట్టం నుంచి మహిళలకు సంక్రమించిన ఆ రక్షణ నిలవవలసిందే. అయితే ఇన్ని చట్టాలను తిరగరాసే అవకాశం చేతికి వచ్చినప్పుడు మతం, కులం అన్న రెండు మాటలు చేర్చడానికి కలం ఎందుకు ఆగింది?

మేము ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి రిటైరైనవాళ్లం. శుక్రవారం నమాజు తర్వాత మస్జిదు పక్క గదిలో కూర్చుని పిల్లలకు దరఖాస్తులు రాసిపెడుతుంటాం. అన్ని అర్హతలూ ఉండి, ఫోనులో పేరు చెప్పగానే 'ఖాళీ లేదు' అన్న జవాబు విన్న పట్టభద్రులు మా ముందు కూర్చుంటారు. ఎక్కడ ఫిర్యాదు చేయాలని వారు అడిగితే మా దగ్గర సమాధానం ఉండదు.

రాజ్యాంగం ఉంది కదా అంటారు కొందరు. 16(2) అధికరణ మత వివక్షను నిషేధించింది నిజమే, అది రాజ్యం ఇచ్చే ఉద్యోగాలకే. ప్రైవేటు యజమాని దాని పరిధిలోకి రాడు. ఇప్పుడు ప్రభుత్వ సంస్థలు సైతం ఔట్‌సోర్సింగ్ దారి పట్టాయి. కుర్చీ సర్కారుది, కాగితం మీద యజమాని ఏజెన్సీ. మా కాలంలో రోస్టరు రిజిస్టరు తెరిస్తే ఏ పాయింటు ఎవరిదో తెలిసేది. ఏజెన్సీ ఎవరిని కాదన్నదో ఏ రిజిస్టరు చెబుతుంది?

ప్రైవేటు యజమానిని చట్టం కట్టడి చేయలేదన్నది కుంటిసాకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలన్నది. హెచ్ఐవీ ఉన్నవారికి ఉద్యోగం నిరాకరించరాదని 2017 చట్టం ప్రైవేటు యజమానికీ చెప్పింది. అక్కడ వచ్చిన దారి మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతోంది? సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. ఆ తర్వాత ఏలిన పార్టీలేవీ దాన్ని చట్టం చేయలేదు. మన ఓట్లు అడిగినవారూ చేయలేదు, మనల్ని తిట్టినవారూ చేయలేదు.

పార్లమెంటును కదిలించడానికి ఏళ్లు పట్టవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మాత్రం ఈలోగా ఒక పని చేయవచ్చు. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల టెండరు షరతుల్లో, మత, కుల వివక్ష చూపితే కాంట్రాక్టు రద్దవుతుందన్న వాక్యం చేర్చమని జీవో ఇవ్వవచ్చు. ధరావతు సొమ్ముకూ, జరిమానాకూ పేజీలకొద్దీ షరతులు రాసిన చేతులు మావి. ఈ వాక్యానికి ఆ పేజీల్లో చోటు లేదంటే మేము నమ్మం.