పసికంట్లో చుక్కలు: జంకొద్దు... అడగండి!

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కంటి పరీక్ష చేయాలనగానే మా వార్డులో చాలామంది అమ్మమ్మలు, నానమ్మలు అడ్డుపడతారు. ‘ఇంత పసిగుడ్డు కళ్లలో మందేంటి డాక్టరు గారూ, కాస్త పెద్దయ్యాక చూపిద్దాం’ అంటారు. వారి భయం అర్థం లేనిది కాదు. కానీ ఆ భయంతో పరీక్ష మానేస్తే జరిగే నష్టం చాలా పెద్దది.

జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ కేంద్రాలు వచ్చాక, ఒకప్పుడు దక్కని కిలో, కిలోన్నర బిడ్డలెందరో ఇప్పుడు క్షేమంగా ఇల్లు చేరుతున్నారు. వీరిలో కొందరికి కంటి లోపలి రెటీనాలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరుగుతాయి. ఇదే ఆర్‌ఓపీ. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. సమయానికి గుర్తిస్తే లేజర్‌తోనో, ఇంజెక్షన్‌తోనో చూపు కాపాడొచ్చు. ఆలస్యమైతే శాశ్వతంగా చూపు పోవచ్చు. 1996లో చెన్నైలోని ఓ ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన పాపకు ఈ పరీక్ష జరగక చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు రూ.1.8 కోట్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. పరిహారంతో చూపు తిరిగి రాదు కదా!

34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు బరువుతో పుట్టినవారికి నెల రోజుల్లోపే ఈ పరీక్ష జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు వారికైతే రెండు, మూడు వారాలకే చేయాలి.

చిక్కు ఎక్కడ?

కంటిపాప పెద్దదైతేనే రెటీనా అంచుల దాకా కనిపిస్తుంది. అందుకే ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ కలిపిన చుక్కలు వేస్తారు. కంట్లో పట్టని మందు ముక్కులోకి దిగే సన్నటి నాళం గుండా వెళ్లి రక్తంలో కలుస్తుంది. 60 కిలోల మనిషికి వేసే చుక్కే 1.2 కిలోల బిడ్డకు వేస్తే, బరువు లెక్కన అది 50 రెట్ల మోతాదు. దాంతో బీపీ పెరగొచ్చు, గుండె వేగం మారొచ్చు, ఊపిరి మధ్యలో ఆగొచ్చు, పొట్ట ఉబ్బి పాలు ఇమడకపోవచ్చు.

అందుకే పసివాళ్లకు 10 శాతం ఫినైలెఫ్రిన్ వాడకూడదు. 2.5 శాతం దాటకూడదు. మన దగ్గర సాధారణంగా దొరికే పెద్దల మందులో ఇది 5 శాతం ఉంటుంది. దాన్నే సగానికి పలుచన చేసి వాడుతుంటారు. పొరపాటుకు ఆస్కారం ఇక్కడే. ఈ పని వార్డు హడావుడిలో జరగకూడదు. ఫార్మసీలోనే శుభ్రంగా పలుచన చేసి, శాతం, తేదీ రాసిన లేబుల్ అంటించి పంపాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఆర్‌ఓపీ కూడా ఉంది. పరీక్షకు ఇస్తున్న ప్రాధాన్యం చుక్కల భద్రతకూ ఇవ్వాలి.

మీరేం చేయాలి?

• ‘ఇది పసిపిల్లల మోతాదేనా?’ అని మొహమాటపడకుండా అడగండి.

• గుండె జబ్బున్నా, గతంలో ఊపిరి ఆగినా ముందే చెప్పండి. పరీక్షకు గంట ముందే పాలు పట్టేయండి.

• ఒక్కో విడతకు ఒక్క చుక్క చాలు. వేశాక కంటి మూలన, ముక్కు వైపు మెల్లగా నొక్కి పట్టి, కారిన మందు తుడిచేయమనండి.

• కంటి చుట్టూ చర్మం కాసేపు తెల్లబడితే కంగారు వద్దు. కానీ ఒకటి రెండు రోజుల్లో పాలు తాగకపోయినా, పొట్ట ఉబ్బినా, మగతగా ఉన్నా, ఊపిరిలో తేడా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

• ఇంట్లో పెద్దల కోసం తెచ్చిన చుక్కలు బిడ్డకు ఎప్పుడూ వేయొద్దు.

జాగ్రత్తగా వేస్తే ఎక్కువమంది బిడ్డలకు ఏ ఇబ్బందీ రాదు. ఒక్కసారి ‘బాగుంది’ అన్నారని ఊరుకోకండి. రెటీనా పూర్తిగా ఎదిగిందని డాక్టరు చెప్పేదాకా పరీక్షలు తప్పవు. తర్వాత ఎప్పుడు రావాలో చీటీ మీద రాయించుకున్నాకే ఆసుపత్రి గడప దాటండి.