పందెంతో బతుకుదామనుకునే పిల్లలకు

పుత్తూరు

నాయనలారా,

ఈమధ్య మీలో కొందరు నన్ను సూటిగానే అడుగుతున్నారు. "క్రికెట్ మాకు బాగా తెలుసు. లెక్కలూ వస్తాయి. బెట్టింగ్‌నే ఉద్యోగంగా పెట్టుకుంటే తప్పేముంది?" అని. ఈ ప్రశ్నకు ఇళ్లల్లో దొరికే జవాబు తిట్లు. నేను తిట్టను. తెలివైనవాళ్లు అడిగిన ప్రశ్న ఇది, కాబట్టి జవాబు కూడా లెక్కతోనే చెప్పాలి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. వడ్డీ, మార్జిన్, రిస్కు అనే మాటల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. బెట్టింగ్‌ను కూడా ఒక వ్యాపారంగానే చూద్దాం.

పందేలతో కోట్లు సంపాదించినవాళ్లు ఉన్నారు. ఆ మాట నిజం. బిల్ బెంటర్ అనే అమెరికన్ 1980లలో హాంకాంగ్ వెళ్లి గుర్రప్పందేల కోసం కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకున్నాడు. గుర్రం బరువు, జాకీ, వెనకటి పరుగులు అంటూ నూటికి పైగా అంశాలు అందులో చేర్చాడు. మొదట్లో పెట్టుబడి చాలావరకు ఊడ్చుకుపోయింది. ఏళ్ల తరబడి దిద్దుకుంటూ పోయాకే లాభం కళ్లజూశాడు. ఇంగ్లండులో టోనీ బ్లూమ్, మాథ్యూ బెన్‌హామ్ ఫుట్‌బాల్ అంచనాలు కట్టే కంపెనీలు పెట్టి, చివరికి బ్రైటన్, బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బులకే యజమానులయ్యారు. మీ ఫోన్లలో తిరిగే వీడియోలు ఇంతవరకే చెబుతాయి.

చెప్పనిది ఒకటుంది. హాంకాంగ్‌లో పందెం కట్టించుకునేది జాకీ క్లబ్. అందరూ కట్టిన డబ్బు ఒకచోట చేర్చి, తన వాటా తీసుకుని, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతుంది. ఎవడు గెలిచినా క్లబ్బుకు ఒకటే. అంటే బెంటర్ గెలిచింది క్లబ్బు మీద కాదు, తోటి పందెగాళ్ల మీద. మీ ఫోన్‌లోని యాప్‌ సంగతి వేరు. మీరు గెలిస్తే ఆ డబ్బు యాప్‌వాడి జేబులోంచి రావాలి. అందుకే లైసెన్సులున్న దేశాల్లో సైతం నిలకడగా గెలిచేవాడు కనబడితే బుక్‌మేకర్లు అతని పందెం పరిమితి కుదించేస్తారు, లేదా ఖాతా మూసేస్తారు. లైసెన్సే లేని యాప్‌వాడికి అంత శ్రమ కూడా అక్కర్లేదు. మీ డబ్బు వెనక్కి తీసుకునే బటన్ పనిచేయకుండా చేస్తే చాలు. ఓడినంత కాలం ఉండనిచ్చి, గెలవడం మొదలుపెట్టిన రోజున గెంటేసే పనిని ఉద్యోగమని ఎలా అంటాం?

ఇక రేటు సంగతి. యాప్‌వాడు రెండు జట్లకూ 1.90 రేటు ఇచ్చాడనుకోండి. ఒకడు ఇటు వంద కట్టాడు, ఇంకొకడు అటు వంద కట్టాడు. వాడి చేతికొచ్చింది 200. గెలిచినవాడికి ఇచ్చేది 190. పది రూపాయలు వాడివి. మీ వైపు నుంచి చూస్తే, అసలు పోకుండా బయటపడాలంటేనే వందకు దాదాపు 53 సార్లు మీ అంచనా నిజం కావాలి. సగం సార్లు నిజమైతే కట్టిన ప్రతి వందకూ సగటున ఐదు రూపాయలు పోతాయి. ఐపీఎల్‌లో 2025 సీజన్‌కు 74 మ్యాచ్‌లు. మ్యాచ్‌కు వెయ్యి చొప్పున ఒక్కటే పందెం కాసేవాడికి సీజనంతా కలిపి పోయేది 3,700. "ఇంతేనా?" అంటారు. కానీ మ్యాచ్‌కు ఒక్క పందెంతో ఫోన్ పక్కన పెట్టేవాడు ఎక్కడున్నాడు? ఆరు ఓవర్లకు ఎంత, ఈ సెషన్‌కు ఎంత, వచ్చే బంతికి ఏమిటి అని ఇరవై కాస్తే అదే నష్టం 74,000 అవుతుంది. బంతి బంతికీ రేటు మార్చి చూపించేది మీ ముచ్చట తీర్చడానికి కాదు. ఆ ఐదు రూపాయలు రాత్రికి ఒకసారి కాకుండా ఇరవైసార్లు తీసుకోవడానికి.

"పోయిన ప్రతిసారీ రెట్టింపు కాస్తే ఎప్పుడో ఒకసారి అంతా తిరిగొస్తుంది" అని ఒకబ్బాయి నాకే వివరించాడు. కాగితం మీద రాద్దాం. 500తో మొదలై ఏడుసార్లు వరసగా పోతే మొత్తం 63,500 పోయినట్టు. ఎనిమిదోసారి 64,000 కాసి గెలిచాడే అనుకుందాం. 1.90 రేటుకు లాభం 57,600. గెలిచినా 5,900 తక్కువే! వరసగా ఏడు పోవడం అరుదని అనుకోకండి. సీజన్ పొడుగునా వందల పందేలు కాసేవాడికి అది ఎదురయ్యే అవకాశమే ఎక్కువ.

టెలిగ్రామ్‌లో టిప్పులమ్మేవాడి లెక్క ఇంకా సులువు. 1,024 మందిలో సగం మందికి ఈ జట్టని, మిగతా సగానికి ఆ జట్టని చెబుతాడు. తప్పు చెప్పినవాళ్లను వదిలేసి మిగిలినవాళ్లను మళ్లీ సగం చేస్తాడు. ఐదు మ్యాచ్‌లు గడిచేసరికి 32 మంది మిగులుతారు. ఐదుకు ఐదూ నిజమైందని వాళ్ల కళ్లకు వాడు దేవుడు. ఆరో టిప్పుకు డబ్బడిగేది వాళ్లనే.

చట్టం సంగతి కూడా మీరు తప్పుగా వింటున్నారు. గిండీ రేసుల కేసులో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని తీర్పిచ్చిన మాట నిజమే. దాన్ని పట్టుకుని క్రికెట్ యాప్‌లూ అంతేనని చెబుతున్నారు. కానీ మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆడినవాడూ ఇక్కడ నేరస్థుడే. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అనే తేడానే తీసేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ వద్దంది. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అప్పటిదాకా భారత జట్టు చొక్కా మీద పేరున్న డ్రీమ్11 కూడా డబ్బు పోటీలు ఆపేసింది. ఇంకా దొంగచాటుగా నడుస్తున్నవాటిలో మీ డబ్బు ఇరుక్కుంటే ఎవరి దగ్గరికి వెళ్తారు?

అంతకంటే నన్ను భయపెట్టేది ఖాతాల అద్దె. "నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకింత ఇస్తాం" అని కాలేజీ పిల్లలను అడుగుతున్నారు. పందేల డబ్బు ఆ ఖాతాల గుండా పోతుంది. పోలీసులు పట్టుకునేసరికి అడిగినవాడు ఉండడు, పాస్‌బుక్ మీద పేరు, ఫొటో మీవి. ఖాతా స్తంభిస్తుంది, కేసు మీ మీద పడుతుంది, రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది అడ్డం నిలుస్తుంది. ఒక్క పందెం కాయనివాడు కూడా ఇలా చిక్కుకోవచ్చు. దయచేసి ఇవ్వకండి.

నేను చాలాకాలం బంగారు రుణాల కౌంటర్‌లో కూర్చున్నాను. నగను గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, రాళ్ల బరువు తీసేసి అప్రైజర్ నికరం చెబుతాడు. కమ్మలు తీసి ఇచ్చిన తల్లి, చెవి రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చుకుంటుంది. అప్పు దేనికని ఫారంలో అడిగితే "సేద్యానికి" అంటుంది. పక్కన నిలబడిన కొడుకు తలెత్తడు. ఐపీఎల్ నెలల్లో అలాంటి జంటలను చూస్తే ఆ సేద్యం ఏమిటో నాకు తెలిసిపోయేది. అడిగే హక్కు నాకు లేదు. గడువుకు అసలు కట్టలేక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవడానికి వచ్చేది కూడా ఆ తల్లే. కొడుకు రాడు.

మన ధర్మరాజుల గుళ్లల్లో తిరునాళ్లప్పుడు పగలు భారతం చెబుతారు, రాత్రి నాటకం ఆడతారు. జూదం కథ మీరంతా విన్నదే. ద్రౌపది పుణ్యమా అని పోయిన రాజ్యమంతా తిరిగొచ్చాక ధర్మరాజు రెండోసారి కూర్చోవడం గుర్తుందా? పన్నెండేళ్ల అరణ్యవాసం ఆ రెండో ఆటకు పడిన పందెం. ఇంట్లోవాళ్లు ఎకరం అమ్మి అప్పు తీర్చిన మర్నాడే "ఈసారి జాగ్రత్తగా ఆడతాను" అనే పిల్లవాడిలో నాకు ఆ రెండో ఆటే కనిపిస్తుంది.

మీ లెక్కల తెలివి నిజమైనది. పిచ్ చూసి, గత మ్యాచ్‌లు చూసి, సంఖ్యల్లో ఆలోచించే బుర్ర అందరికీ ఉండదు. ఆ బుర్రకు జీతమిచ్చేవాళ్లు ఉన్నారు. ఐపీఎల్ జట్లు డేటా విశ్లేషకులను పెట్టుకుంటున్నాయి. బీమా కంపెనీలకు యాక్చురీలు కావాలి, ఆ పరీక్షలు కష్టమైనవే అయినా ఇంట్లో కూర్చుని చదివి రాయొచ్చు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చదువు ఉంది, మనకు ఎంత దూరం? తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారికి 102 ఏళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. మీరు యాప్‌లో ఊహిస్తున్న సంభావ్యతను ఆయన లాంటివాళ్లు శాస్త్రంగా నిలబెట్టారు.

ఇప్పటికే మునిగినవాళ్లకు ఒక మాట. చెయ్యి విరిగితే ఎవరూ చొక్కా కింద దాచుకోరు. పక్క రాష్ట్రాల నుంచి కూడా మన పుత్తూరుకు ఎముకల కట్టు కోసం వస్తారు. ఇదీ అలాగే చూపించుకోవాల్సిందే. బుకీకి బాకీ పడ్డామని భయపడి నగలు తాకట్టు పెట్టకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, వాడు ఆ బాకీ కోసం కోర్టుకెక్కలేడు. బెదిరిస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, వెంట పెద్దవాళ్లెవరినైనా తీసుకెళ్లండి. నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచన వచ్చినా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ వాళ్లు డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం ఉదయం నేను లైబ్రరీలో ఉంటాను. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకురండి. యాప్‌కు పోయినవి ఒక వరస, తిరిగొచ్చినవి ఒక వరస రాసి, ఇద్దరం కలిసి కూడదాం. మీ నాన్నకు ఎలా చెప్పాలో తెలియకపోతే నేనూ వెంట వస్తాను.

ఇట్లు,
మీ ఊరివాడు,
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి