నగరమందలి ఒంటరితనము: రేఖాచిత్రకారుల ప్రణాళిక

హైదరాబాదు నగరమున బొగ్గుతోను నల్లసిరాతోను బొమ్మలు గీయు మేము, గుమ్మమున కెదురుగా గుమ్మమున్నను ఒకరి పేరొకరికి తెలియక జనులు కాలము గడుపుచున్న ఈ నివాసముల దుఃఖమును చిత్రించుటయే మా ప్రథమ కర్తవ్యమని ప్రకటించుచున్నాము.

వర్ణములయెడ మాకు ద్వేషము లేదు. కాని రంగు కంటికి ఓదార్పు నిచ్చును, ఆ ఓదార్పు ఈ విషయమున మాకు అడ్డు. 1925లో ఫ్రాన్స్ మాసెరీల్ ‘నగరము’ అను గ్రంథమును నూరు దారుఫలక ముద్రలతో వెలయించి, కిక్కిరిసిన వీథులలోని మనుష్యుల నడుమ దూరమును నలుపు తెలుపులే పలుకగలవని నిరూపించెను. ఎడ్వర్డ్ హాపర్ 1921 నాటి ‘రాత్రి నీడలు’ అను ఎచింగులో, ఎత్తునుండి చూచినట్లు, నిర్జనమైన వీథిమూల నొక్క మనిషి నడచుచుండగా, స్తంభపు నీడ అతని దారి కడ్డముగా పడియున్నది. ముఖము కానరాకున్నను అతని స్థితి మనకు తెలియుచునే యున్నది. మాకు వీరికంటె ఆత్మీయుడు చిత్తప్రసాద్: 1943 నాటి వంగక్షామమున మేదినీపురపు పల్లెలు తిరిగి ఆకలిని సిరాతో గీసి, పిదప బొంబాయిలో అంధేరీయందు నివసించుచు లినోలియముపై చెక్కిన ఆ మహనీయునివలన, జాలిని యాచింపని రేఖ ఎట్లుండునో నేర్చితిమి.

కనుక ఒంటరివానిని కిటికీప్రక్క కూర్చుండబెట్టి, వాన కురిపించి, చూపరిచేత నిట్టూర్పు విడిపించు సులభమార్గమును విడనాడుచున్నాము. అమీర్‌పేట హాస్టలు గదిలో నాలుగు మంచములు, నాలుగు ఫోనుల వెలుగు, నాలుగు వీపులు. మంచమునకు మంచమునకు నడుమ మూరెడు చోటు. వీపులు గీయుట తేలిక. ఆ మూరెడు తెలుపును, అందొక్క గీతయు పడనీయక, చూడ భరింపరానిదిగా జేయుటయే విద్య. నలుపెక్కడ పడవలెనో నిశ్చయింపలేనప్పుడు బూడిదవన్నె పులిమి తప్పించుకొనుట మాకు నిషిద్ధము.

ప్రొద్దెక్కినను పని దొరకక, సద్దిగిన్నెతో అడ్డామీద మిగిలిపోయిన పాలమూరు కూలీని పేరడిగి, అనుమతి పొంది, ఎదుట కూర్చుండి గీయుదుము. ఒంటరితనమును చిత్రింపబూనినవాడు ఆ మనిషితో రెండు మాటలైన ఆడకుండుట మాకు సమ్మతము గాదు.

ఏకప్రతియై ధనికుల గోడలకెక్కు చిత్రము మాకు వలదు. లినోలియముపై చెక్కి, చేతితో అచ్చొత్తి, టీ ఖరీదుకే ఇరానీ హోటళ్ళలోను హాస్టళ్ళ మెట్లకడను అమ్ముదుము. ఎవరిని గీసితిమో వారికి తొలిప్రతి ఊరక యిత్తుము.