షెడ్డులో ఉన్నది కారా, సొమ్మా?

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి బయటకు వస్తుండగా, మా పాత విద్యార్థి ఒకతను మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపాడు. చిన్నప్పుడు మా దగ్గర ఉర్దూ, దీనియాత్ చదువుకున్నవాడు. ఇప్పుడు గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తున్నాడు. సలాములయ్యాక మెల్లగా అడిగాడు: "హజ్రత్, పాత కారు మీద జకాత్ ఉంటుందా?"

సొంతానికి వాడుకునే వాహనం మీద జకాత్ లేదన్న సంగతి మదరసాలో చేరిన మొదటి ఏటి పిల్లవాడికి కూడా తెలుసు. ఇతనికీ తెలుసు. తెలిసి అడిగాడంటే ఏదో ముల్లు గుచ్చుకుంటున్నదన్న మాట. అందుకే మేము ఎదురు ప్రశ్న వేశాము. "ఆ కారు ఎందుకు కొన్నావు బేటా?"

అతను వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

కారు 1968 నాటి మార్క్ 2 అంబాసిడర్. మూడేళ్ల క్రితం నాలుగు లక్షలకు కొన్నాడు. మరో రెండు లక్షలు పోసి బాడీ పని, రంగు, సీట్లు చేయించాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు కట్టించి, కారుకు గుడ్డ కప్పి, తాళం వేశాడు. ఈ మధ్య హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి తొమ్మిది లక్షలకు అడిగాడట. ఇంకా పెరుగుతుందని ఇవ్వలేదు. బయటకు తీస్తే గీతలు పడతాయని, కిలోమీటర్లు పెరిగితే ధర తగ్గుతుందని తీయటమూ లేదు. మాటల్లో ఇంకొకటి కూడా బయటపడింది. అతని తండ్రి ఇరవై రెండేళ్లపాటు అంబాసిడర్ టాక్సీ నడిపి ఈ పిల్లల్ని చదివించాడు. ఆయన ఇప్పుడు ఒక్కసారి ఈ బండి నడుపుతానంటే కొడుకు "తరువాత చూద్దాం అబ్బా" అంటూ ఏడాదిగా దాటవేస్తున్నాడు. ఇది మేము అడగకుండానే చెప్పాడు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫోనులో చూసిన వార్తల నుంచి అన్నాడు. ఆ వార్తలు అబద్ధాలు కావు. 2022 మే నెలలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్ కంపెనీ తన 1955 నాటి కారు ఒకదాన్ని వేలంలో అమ్మితే 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. మన డబ్బులో సుమారు 1,100 కోట్ల రూపాయలు. అంత ధర పలికిన కారు ప్రపంచంలో మరొకటి లేదు. ఇటలీలో 1962 నుంచి 1964 వరకు తయారైన ఫెరారీ 250 జీటీవో అనే కారు ఒకటి 2018లో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, మరొకటి 2023లో 5 కోట్ల 17 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఆ రకం కార్లు తయారైనవే 36. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో దాని ధర సుమారు 18 వేల డాలర్లు.

ఇలాంటి లెక్కలు చూసిన వారికి మతిపోవటం సహజం. కానీ వార్తలో లేని భాగం కూడా తెలుసుకోవాలి. ఆ 36 కార్లలోనే ఒకదాన్ని దాని యజమాని అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక హైస్కూలుకు ఉచితంగా ఇచ్చేశాడు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవటానికి! కొన్నేళ్లకు ఆ స్కూలువారు దాన్ని సుమారు 6,500 డాలర్లకు అమ్మేశారు. కొన్నవాడు ట్రెయిలరు మీద పెట్టి, ఎండకూ వానకూ ఏళ్ల తరబడి ఆరుబయట వదిలేశాడు. ఆ రోజుల్లో అది పనికిరాని పాత పందెం కారు, అంతే. బడిపంతులుగా మాకు ఈ కథ చాలా ఇష్టం. ఏ బడికి అంత ఖరీదైన పాఠ్య పరికరం దొరికి ఉంటుంది?

మరి ఇంత ధర ఎలా వచ్చింది? ఇనుములో మార్పేమీ రాలేదు. చిన్నతనంలో ఆ కార్లను గోడ మీద బొమ్మలుగా చూసి మురిసిన పిల్లలు యాభై ఏళ్ల వయసులో కోటీశ్వరులయ్యారు, వెతుక్కుంటూ వచ్చారు. ఇది మొదటి కారణం. 2008లో అమెరికా బ్యాంకులు కూలిన తరువాత వడ్డీ రేట్లు అడుగంటి, డబ్బున్నవారు చేతికి తగిలే వస్తువుల కోసం పరుగెత్తటం రెండోది. (వడ్డీ వదిలి వచ్చారని మనం సంతోషించనక్కరలేదు. వడ్డీ రాలేదని వచ్చారు.) బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లేకపోవటం కూడా అక్కడివారికి కలిసివచ్చింది. ఇప్పుడు ధనవంతుల పెట్టుబడుల జాబితాల్లో గడియారాలు, చేతిసంచుల పక్కన పాత కార్లకు కూడా ఒక గడి ఉంది. అమెరికాలో ఒకే కారును వాటాలుగా కోసి వేలమందికి అమ్మే కంపెనీలు సైతం వచ్చాయి. వాటాదారుడు ఆ కారులో కూర్చోలేడు, తలుపు తీయలేడు.

ఎక్కిన ధర దిగదని ఎవరూ అనుకోవద్దు. 1988లో ఫెరారీ కంపెనీ వ్యవస్థాపకుడు ఎంజో ఫెరారీ చనిపోయాక ఆ కార్ల ధరలు ఆకాశానికి ఎగిరాయి. 1989లో ఒక జీటీవోను జపాను కొనుగోలుదారుడు కోటి 30 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. అప్పు తెచ్చి కొన్నవారు కూడా ఎందరో. మరుసటి ఏడాదే బజారు కూలింది. అయిదారేళ్లకు అదే రకం కారు 40 లక్షల డాలర్లకు కూడా పలకలేదు. మళ్లీ లేచింది నిజమే. లేచే దాకా ఆగగలిగింది ఎవరు? అప్పులేనివారు, వేరే ఆదాయం ఉన్నవారు. ఇంకొక సంగతి. యుద్ధానికి ముందు కాలపు కార్లను ప్రేమించిన తరం ముసలిదై పోతుంటే వాటిలో చాలా వాటికి అడిగేవారు తగ్గుతున్నారు. 1980, 90ల నాటి బండ్లకు గిరాకీ పెరుగుతున్నది. మన దగ్గర యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి చూడండి. 1996లో తయారీ ఆగిన ఆ మోటారు సైకిలు కోసం యువకులు అడిగినంత ఇస్తున్నారు. రేపటి పిల్లలకు ఆ శబ్దం గుర్తుండదు. గుర్తు లేనివాడు ఎందుకు కొంటాడు?

అందుకే మా విద్యార్థితో అన్నాము: నువ్వు దాచింది ఇనుమును కాదు, ఇతరుల జ్ఞాపకాన్ని. అది నీ చేతిలో ఉండదు.

1,100 కోట్లు పలికిన ఆ మెర్సిడెస్ కారు ఉందే, దాన్ని తయారు చేసిన ఇంజినీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ ఆ రకం కారులోనే రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడు. అలాంటివి చేసిందే రెండు. 1955 లె మాన్స్ పందెంలో ఘోర ప్రమాదం జరిగి ఎనభై మందికి పైగా చనిపోయాక, ఆ ఏడాది చివరికల్లా కంపెనీ పందేలు మానేసింది. పందెం లేని పందెం కారును ఆయన బజారుకు తీశాడు. ఇంగ్లాండులో పింక్ ఫ్లాయిడ్ అనే పాటల బృందంలో డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ 1970లలో సుమారు 37 వేల పౌన్లకు ఒక జీటీవో కొన్నాడు. ధర ఎన్నో రెట్లు పెరిగినా దాన్ని రోడ్డు మీదా పందేలలోనూ నడుపుతూనే వచ్చాడు. పాటల సంగతి మాకు తెలియదు గానీ, ఈ విషయంలో మాత్రం ఆయన మా విద్యార్థి కంటే తెలివైనవాడు.

ఇందులో వేడుక ఒక్కటే లేదు. కదలని కారు చెడుతుంది. బ్రేకు సిలిండర్లలో తుప్పు పడుతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. ట్యాంకులో పెట్రోలు జిగురై కార్బురేటరు రంధ్రాలను మూసేస్తుంది. టైర్లు నిలిచిన చోటే నొక్కుకుపోతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ పాత మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. స్టీరింగు పక్కన గేరు ఉండే బండికి ఆ కడ్డీల బిగింపు సరిచేయగల చేతులు, చెవితో విని ఇంజను పట్టగల చెవులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. వారిలో మనవారు ఎందరో ఉన్నారు. బండి రోడ్డెక్కితేనే వారికి పని. మా విద్యార్థి కారుకు నాలుగు నెలలు బాడీ పని చేసిన ముసలి మేస్త్రీకి ఎంత ముట్టిందని అడిగాము. నలభై వేలట. ఒప్పుకున్న కూలి ఇచ్చాడు, అందులో మోసం లేదు. కానీ పెరిగిన ధరలో ఆ చేతుల వాటా ఎంతో ఒక్కసారి లెక్క వేసుకొమ్మన్నాము.

హైదరాబాదు వెళ్లినవారు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం లాంటి ఆసనం పెట్టించి చేయించుకున్న సిల్వర్ ఘోస్ట్. కారు తయారై వచ్చేసరికి, 1911లోనే ఆయన కన్నుమూశారు. ఇన్ని దశాబ్దాలలో అది నడిచింది 356 మైళ్లేనని చెబుతారు.  చూసేవారు ఆ అంకె విని ఆశ్చర్యంతో మెచ్చుకుంటారు. మాకు మాత్రం జాలి వేసింది.

ఇక అతను అడిగిన మసలా. ఖుర్ఆన్‌లో నహ్ల్ సూరా గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను ప్రస్తావిస్తూ అవి స్వారీకీ శోభకూ అంటుంది. శోభ అన్న మాటను జనం మరచిపోతారు. అందమైన వాహనాన్ని చూసి సంతోషించటం తప్పు కాదు. తుడిచి మెరిపించుకోవటం తప్పు కాదు. కానీ స్వారీ ముందుంది. గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి మరుగు, ఒకరికి భారం అవుతుందని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. గొప్ప చూపటానికి కట్టేసుకున్నవానికే అది భారం. జంతువు ఒకటే, యజమాని నియ్యత్ వేరు.

జకాత్ లెక్క కూడా నియ్యత్ మీదే నడుస్తుంది. వాడుకోవటానికి కొన్న వాహనం ఎంత ఖరీదైనా జకాత్ లేదు. అమ్మటానికి కొన్నదైతే అది వ్యాపార సరుకు. ఏడాది తిరిగేసరికి ఆనాటి బజారు ధర మీద నూటికి రెండున్నర ఇవ్వాలి. కొన్న ధర మీద కాదు. వాడుకకు కొని, తరువాత అమ్ముదామనుకున్నంత మాత్రాన హనఫీ ఫిఖహ్‌లో అది సరుకు కాదు, అమ్మినప్పుడే. సరుకుగా కొన్నదాన్ని ఇక మేమే వాడుకుంటామని నిశ్చయించుకుంటే, ఆ నిశ్చయంతోనే వ్యాపారం నుంచి బయటపడుతుంది. ధర కోసం ఏళ్ల తరబడి ఆగే వర్తకుడు అమ్మిన రోజున ఒకే ఏటి జకాత్ ఇస్తే చాలునని మాలికీలు అంటారు. మేము ముఫ్తీలం కాము. రెండు ఉద్దేశాలూ కలిసి ఉన్నవారు వివరాలన్నీ చెప్పి ముఫ్తీ సాహెబును అడగాలి.

అయితే ఒక్కటి మేమే చెప్పగలం. హైదరాబాదు బేరగాడి ముందు తొమ్మిది లక్షల సరుకు, జకాత్ లెక్క ముందు ఇంటి వాడకం కారు అనటం కుదరదు. తొమ్మిది లక్షల మీద 22,500 రూపాయలు. అది ఏటా ఇవ్వగలిగితే నిశ్చింతగా పెట్టుబడి అనుకోవచ్చు. వ్యాపారం హలాలే. కొందరు దీన్ని అక్రమ నిల్వ, ఇహ్తికార్ అంటారు గానీ ఆ మాట మాకు ఒప్పుదల కాదు. ఆ నిషేధం ప్రజల తిండీ అవసరాలకు సంబంధించింది. పాత అంబాసిడర్ లేక ఎవరూ పస్తులుండరు. ఇంకా న్యాయంగా చెప్పాలంటే, ధర పెరగకపోతే ఇలాంటి కార్లు చాలా వరకు ఎప్పుడో పాత ఇనుము కొట్టుకు పోయేవి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు కొత్త విడిభాగాలు దొరకటమే గగనం. డబ్బు ఆశ కూడా కొన్నింటిని బతికించింది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే నియమం 2021లో కేంద్రం తెచ్చింది. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ వాడకం, కిరాయి కుదరవన్న షరతు కూడా ఉంది. ప్రదర్శనలకు, అలాంటి సందర్భాలకు తీయవచ్చు. కనుక కాగితాలు చేయించేముందు ఎవరు ఎందుకు నడుపుతారో ఆలోచించుకోవాలి.

మాకు భయం వేసింది కారు గురించి కాదు. ఆ ఆరు లక్షలు ఎక్కడివని అడిగితే, కూతురి చదువు కోసం దాచినవని చెప్పాడు. అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. వచ్చే ఏడు ఫీజు కట్టాల్సిన రోజున బజారు పడి ఉంటే? కొనేవాడు ఆర్నెల్లు రాకపోతే? బంగారమైతే సాయంత్రానికి డబ్బవుతుంది. పాత కారు తనకు తగినవాడు వచ్చే దాకా కూర్చుంటుంది. తండ్రికి వాడుక లేదు, కూతురికి భద్రత లేదు. మరి ఆ షెడ్డులో ఉన్నది ఎవరి కోసం?

అమ్మేదైతే ఇప్పుడు వచ్చిన బేరానికే అమ్మి ఫీజు డబ్బు పక్కన పెట్టమన్నాము. ఉంచుకునేదైతే తాళంచెవి వాళ్ల అబ్బా చేతికి ఇమ్మన్నాము. చోక్ ఎంత లాగాలో, క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో ఆయనకే తెలుసు. ఆయనకు డెబ్బై నాలుగు ఏళ్లు.

జకాత్ లెక్క కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. మొన్న ఫోను చేసి ఈ ఏటి మొత్తం ఇచ్చేశానన్నాడు. తాళం సంగతి అడిగితే, బ్యాటరీ దిగిపోయింది హజ్రత్, చూడాలి అన్నాడు.