ఓపీ చీటీతో పాటే బండి

పొద్దున ఆరు దాటగానే పటాన్‌చెరు చౌరస్తాలో కంపెనీ బస్సుల వరస మొదలవుతుంది. పాశమైలారం వైపు కొన్ని, బొల్లారం వైపు కొన్ని. షిఫ్టు ఎక్కించాక అవి గేటు లోపలో, చెట్టు నీడకో చేరతాయి. డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తారు. బడి వ్యాన్లదీ అదే తీరు, తొమ్మిదిన్నరకు పని అయిపోతే మళ్లీ మూడు దాటాకే. సర్కారు దవాఖానల్లో ఓపీ నడిచేది సరిగ్గా ఈ మధ్య గంటల్లోనే. అదే సమయంలో బీరంగూడలోనో అశోక్‌నగర్‌లోనో మూడో అంతస్తు దిగివచ్చిన డెబ్బై ఏళ్ల మనిషి, ఫైలు చంకన పెట్టుకుని, ఆటో కోసం ఎండలో నిలబడి ఉంటుంది.

మన పారిశ్రామిక వాడకు వయసు మీద పడింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960ల్లో వచ్చింది, ఇక్రిశాట్ 1972లో వచ్చింది, పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఆ వెనకే పెరిగింది. అప్పట్లో ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. పిల్లలు దగ్గరుంటే గచ్చిబౌలి, లేకుంటే డాలస్. భార్యాభర్తల్లో ఒకరు పోతే రెండోవారు ఆ ఇంట్లో ఒంటరి.

వీళ్లకు వైద్యం అసలే లేదనలేం. బీహెచ్‌ఈఎల్ రిటైరైనవాళ్లకు కంపెనీ వైద్య పథకం ఉంది. ఈఎస్‌ఐ కింద కనీసం ఐదేళ్లు ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందుతుంది. ఆ సంగతి తెలియక వదులుకుంటున్నవాళ్లు ఈ వాడలో ఎందరో. 70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా 5 లక్షల బీమా ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరులో ముందుకొచ్చింది. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. డాక్టరున్నాడు, మందుంది, కార్డుంది. ఇంటి గడప నుంచి ఓపీ కౌంటరు దాకా ఉన్న దారి మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణకు 2007లో వచ్చిన చట్టం చూడండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు పడకలుండాలని, వేరే వరస పెట్టాలని 20వ సెక్షన్ చెబుతుంది. ఆ వరస దాకా మనిషి ఎలా రావాలన్న ఊసు అందులో లేదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో అందరికీ తెలుసు, కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పటి బండి. షుగరు పరీక్షకో, ఫిజియోథెరపీకో పిలిచేది కాదు, పిలవకూడదు కూడా. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 సలహా ఇస్తుంది, ధైర్యం చెబుతుంది. ఓపీకి తీసుకెళ్లే బండి దాని పని కాదు. ఆర్టీసీలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచితం కాబట్టి 218, 219 బస్సుల్లో డబ్బు బెంగ తీరింది. మెట్టు ఎత్తు తగ్గలేదు. అరవై ఐదో నంబరు జాతీయ రహదారి దాటి అవతలి స్టాపుకు చేరడమన్నది మోకాళ్లు అరిగినవాళ్లకు వేరే పరీక్ష.

ఇక యాప్‌లో క్యాబ్. కొడుకు అమెరికా నుంచి బుక్ చేస్తాడు. పిన్ సర్వీసు రోడ్డుకు అటువైపు పడుతుంది. డ్రైవర్ ఫోన్: "లొకేషన్‌ల ఉన్న, మీరేడున్నరు?" "హనుమాండ్ల గుడి కాడ నిలబడ్డ బిడ్డా." "గుడి ఏడుందవ్వా, యూటర్న్ కొట్టాలె, దూరమైతది." రెండు నిమిషాల తర్వాత బుకింగ్ రద్దు. మళ్లీ బుక్ చేద్దామంటే కొడుకు మీటింగులో ఉంటాడు.

బండి దొరికి దవాఖానకు చేరాక ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: "మీతో ఎవరొచ్చారు?" కంటిపాపలు పెద్దవి కావడానికి చుక్కలు వేస్తే ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసక, వెలుతురు పడదు. చిన్న ఆపరేషనైనా తోడు మనిషి లేకుండా చేయరు. బండి కన్నా తోడే కరువు. ఎక్కించి, చీటీ రాయించి, మందుల కిటికీ దగ్గర నిలబడి, మళ్లీ ఇంట్లో దించే మనిషిని ఏ యాప్‌లో వెతకాలి?

అమెరికాలో మేన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో ఈ చిక్కు మరో వైపు నుంచి మొదలైంది. 1988లో 84 ఏళ్ల వృద్ధుడు నడుపుతున్న కారు మూడేళ్ల పిల్లవాణ్ని ఢీకొట్టింది. పిల్లవాడు బతికాడు. తల్లి క్యాథరిన్ ఫ్రాయిండ్ ఆ ముసలాయన మీద కోపం పెంచుకోలేదు. ఆ వయసులో ఆయన కారు తీయక తప్పని స్థితి ఎందుకొచ్చిందని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న నుంచే 1995లో ఇండిపెండెంట్ ట్రాన్స్‌పోర్టేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ పుట్టింది.

దాని పనితీరు మనకు పనికొచ్చే సంగతి. పెద్దవాళ్లు సభ్యులుగా చేరతారు. ప్రతివారికీ ముందే డబ్బు వేసుకున్న ఖాతా ఉంటుంది, కాబట్టి బండిలో చేతులు మారే నోటు ఉండదు, బేరం ఉండదు. డ్రైవర్లలో కొందరు జీతగాళ్లు, కొందరు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. రోడ్డు మీద హారన్ కొట్టి పిలవరు. ఇంటి తలుపు దాకా వచ్చి, చెయ్యి పట్టి, అవతలి తలుపు లోపల దాకా దించుతారు. తాము ఇక నడపలేని పాత కారును సంస్థకు ఇచ్చేస్తే దాని విలువ ప్రయాణాల రూపంలో ఖాతాలో పడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. స్వచ్ఛందంగా నడిపినవాళ్ల మైళ్లు జమ అవుతాయి. ఆ జమను తమ ముసలితనానికి దాచుకోవచ్చు, లేదా వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇవ్వొచ్చు.

డాలస్‌లో ఆదివారం ఖాళీగా ఉండే మన కుర్రాడు అక్కడి ఎవరి తల్లినో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, రామచంద్రాపురంలో వాళ్లమ్మకు ఒక రాకపోక జమ అవుతుందనుకోండి. ఇప్పుడు అలాంటి ఏర్పాటేమీ లేదు. అయినా ఏటా విరాళాల పిలుపులతో హోరెత్తే తెలుగు సంఘాలకు ఇది అంత అందని పనేమీ కాదు.

పోర్ట్‌లాండ్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ నాటితే మాత్రం బతకదు. అక్కడి కష్టం, జీవితమంతా కారు నడిపిన మనిషి స్టీరింగు వదలడం. మన అవ్వ ఎప్పుడూ స్టీరింగు పట్టలేదు. పైగా ఇక్కడ తెల్ల నంబరు ప్లేటు కారులో కిరాయి తీసుకుంటే నేరం, పసుపు ప్లేటు ఉండాలి. జపాన్‌కూ ఇలాంటి అడ్డే వస్తే 2006లో చట్టం సవరించి, నమోదు చేసుకున్న సేవాసంస్థలు, పురపాలికలు సొంత బండ్లలో కొద్దిపాటి రుసుముతో పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చని దారి ఇచ్చారు. మన దగ్గర ఆ తలుపు ఎవరూ తట్టినట్టు కనిపించదు.

దూరం పోకుండా మదురై చూద్దాం. డాక్టర్ వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రికి తొలినాళ్లలోనే ఒక సంగతి అర్థమైంది. శిబిరంలో శుక్లం ఉందని తేల్చి, ఆపరేషన్ ఉచితమని చెప్పినా చాలామంది రాలేదు. బస్సు కిరాయి, తిండి, తోడు వచ్చేవాడి కూలి, ఇవన్నీ కలిస్తే ఉచితం ఖరీదైనదే. దాంతో ఆసుపత్రే బస్సు పెట్టి తీసుకెళ్లి, తిండి పెట్టి, వెనక్కి దించడం మొదలుపెట్టింది. రాకపోక వైద్యంలో భాగమైంది. ఎక్కడెక్కడివో వెతికాక నాకు తేలింది ఇదే: తేదీ ఇచ్చిన చేతే బండీ ఇవ్వాలి.

ఆ మాట మన సర్కారుకు తెలియనిది కాదు. గర్భిణులను పరీక్షలకు తీసుకెళ్లి తిరిగి ఇంట్లో దించే 102 అమ్మ ఒడి బండ్లు ఈ జిల్లాలోనే తిరుగుతున్నాయి. ఏ తేదీన ఏ ఇంటికి పోవాలో ఆశా కార్యకర్తకు ముందే తెలుసు. అత్యవసరం కాని వైద్య ప్రయాణాన్ని ప్రభుత్వం నడపగలదా అన్న అనుమానం తీరి ఏళ్లయింది. కడుపుతో ఉన్న కోడలికి వచ్చే బండి వీధి చివర ఒంటరిగా ఉన్న ముసలమ్మ ముందు నుంచే పోతుంది, ఆమె కోసం ఆగదు.

అన్ని ప్రయాణాలూ అక్కర్లేదు కూడా. పటాన్‌చెరులాగే మహానగరం పక్కన పెరిగిన పారిశ్రామిక వాడ హోసూరు. అది ఉన్నది తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న కృష్ణగిరి జిల్లాలో. తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న ఆ జిల్లాలోని సామనపల్లిలోనే మొదలుపెట్టింది. బీపీ, షుగరు మందులు ఆరోగ్య కార్యకర్త ఇంటికే తెస్తుంది, ఫిజియోథెరపిస్టు, మంచం పట్టినవాళ్లను చూసుకునే నర్సు కూడా గడప తొక్కుతారు. నెల మందుల కోసం చేసే ప్రయాణం ఇలా తగ్గిపోతే, తప్పనిసరిగా వెళ్లాల్సిన కంటి, గుండె, కిడ్నీ పరీక్షలకు బండ్లు మిగులుతాయి.

ఇక్కడ కంపెనీలు సీఎస్‌ఆర్ కింద అంబులెన్సులు ఇస్తూనే ఉంటాయి. రిబ్బను కత్తిరించి, తాళంచెవి అట్టముక్క చేతికిచ్చి, ఫొటో దిగుతారు. డీజిల్ ఎవరు పోస్తారు, డ్రైవర్ జీతం ఎవరిస్తారు అన్నది ఫొటోలో రాదు. ఈ వాడకు కొత్త బండి అవసరం తక్కువ. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చెట్టు నీడన ఉన్న బస్సుల్లో చిన్నవి కొన్ని చాలు, కావలసినది ఆ గంటలకు డ్రైవర్‌కు అదనపు జీతం, ప్రయాణికులకు బీమా, రవాణా శాఖ నుంచి రాతపూర్వక అనుమతి, తోడుగా వెళ్లి వరసలో నిలబడే ఒక మహిళా సంఘం సభ్యురాలికి రోజు కూలి. ఓపీ చీటీ రాసే కౌంటర్‌లోనే వచ్చే తేదీతో పాటు 'బండి కావాలా, తోడు కావాలా' అని రెండు గళ్లు పెట్టి, ఆ జాబితా ముందురోజు సాయంత్రానికి డ్రైవర్‌కు చేరాలి. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి, సంగారెడ్డి పెద్దాసుపత్రి, ఈ మూడూ హైవే మీదుగా దాదాపు ఒకే దారిలో పడతాయి. ఒక్క బస్సుతో, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టినా సరిపోతుంది.