పిల్లవాణ్ణి కోప్పడేముందు గిటారును చూడండి



ఈ నెల వనపర్తి దగ్గరి ఒక పల్లెనుండి ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయన పల్లి పండించే రైతు. కుమారుడు పదవ తరగతి చదువుతున్నాడు. యవ్వనస్థుల కూడికలో ఎవరో ఎలక్ట్రిక్ గిటారు వాయించగా చూసి వచ్చిన రోజునుండి తనకూ అది కావాలని పట్టుబట్టాడట. పల్లికాయ అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. దాన్ని ఇంటర్ ఫీజుకు దాచాలని తల్లి అంటున్నది. అది సినిమా వాయిద్యమని సంఘ పెద్దలలో ఒకరు అంటున్నారు. ఫోనులో చూస్తే కొన్ని వేల నుండి లక్ష దాటి ధరలున్నాయి. చివర ఆ తండ్రి ఇలా రాశారు: “అయ్యగారూ, నాకు సరిగమలు కూడా రావు. ఏది మంచిదో, ఏది మోసమో నాకెట్ల తెలుస్తది?”

అన్నా, మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలి.

చాలా ఏండ్ల క్రిందట మా పెద్దబ్బాయి కూడా గిటారు అడిగాడు. అన్నిటికంటే తక్కువ ధరది చూసి, చేతితో పట్టుకోకుండానే, పార్సిలులో తెప్పించాను. మొదటి వారం వాడు అన్నం కూడా మరచి దానితోనే ఉన్నాడు. రెండవ వారం వేళ్లు బొబ్బలెక్కాయి. మూడవ వారం శ్రుతి నిలవడం లేదన్నాడు. నెల తిరిగేసరికి గిటారు గోడకు ఎక్కింది. “డబ్బు దండుగ చేశావు, నీకు ఓపిక లేదు” అని నలుగురిలో వాణ్ణి కోప్పడ్డాను. వాడు తల వంచుకున్నాడు గాని ఎదురు చెప్పలేదు. రెండేండ్ల తరువాత కూటాలకు వచ్చిన ఒక వాయిద్యకారుడు మా ఇంట భోజనం చేసి, గోడమీది గిటారును దించి చూశాడు. మెడ విల్లులా వంగి ఉందన్నాడు. ఒక చిన్న తాళంచెవి లాంటిది తిప్పి, తీగలు ఆనుకునే పలకను కొంచెం అరగదీసి, అరగంటలో దాన్ని వాయించి వినిపించాడు. అప్పటికి మా అబ్బాయి పనికని హైదరాబాదు వెళ్లిపోయాడు. మళ్లీ వాడు గిటారు ముట్టలేదు. తనకు సంగీతం రాదని ఈనాటికీ నమ్ముతాడు. నేను వాణ్ణి క్షమించమని అడిగాను. వాడు నవ్వి ఊరుకున్నాడు గాని, నా మనస్సులో ఆ బరువు ఇంకా ఉంది.

అందుకే మొదటి మాటగా చెబుతున్నాను. చవక గిటారు కొనడం తప్పు కాదు. చూడకుండా కొనడం తప్పు. చెడ్డ వాయిద్యం చేతికిస్తే, లోపం తనదేనని పిల్లవాడు అనుకుంటాడు.

ఇక పెద్దల అభ్యంతరం. 150వ కీర్తనలో తంతివాద్యాలూ పిల్లనగ్రోవీ తాళాలూ అన్నీ ఉన్నాయి. మన సంఘాల్లో ఈనాడు ఎవరూ తప్పుపట్టని హార్మోనియం కూడా ఫ్రాన్సునుండి వచ్చినదే. అది మన సంగీతానికి తగదని ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దాన్ని నిషేధించింది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించి పెద్ద విద్వాంసులను మెప్పించారు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన కన్నుమూసే నాటికి మాండొలిన్ ఆయన ఇంటిపేరులా అయిపోయింది. కరెంటుతో పలికినంత మాత్రాన వాయిద్యం చెడ్డది కాదు. దాన్ని ఎవరు, ఎందుకు, ఎంత శబ్దంతో వాయిస్తారన్నదే పెద్దలు అడగవలసిన ప్రశ్న.

ఎలక్ట్రిక్ గిటారు పనిచేసే తీరు తెలిస్తే భయం సగం పోతుంది. దాని ఒంటి మీద, ఇనుప తీగల క్రింద, అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన బిళ్లలుంటాయి. వాటిని పికప్ అంటారు. తీగ కదిలినప్పుడు ఆ రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. అది వైరు ద్వారా ఆంప్లిఫయరుకు పోయి శబ్దమవుతుంది. ఆంప్ లేకపోతే పక్క గదికి కూడా వినబడదు. కాబట్టి ఇంటింటి ప్రార్థనలకు, కరెంటు లేని కూడికలకు మామూలు చెక్క గిటారే మేలు. ఎలక్ట్రిక్‌కున్న మేలు వేరు. దాని తీగలు సన్నగా ఉంటాయి, క్రిందికి ఉంటాయి, చిన్న వేళ్లకు నొప్పి తక్కువ. రాత్రి ఎవరి నిద్రా చెడకుండా సాధన చేసుకోవచ్చు. పిల్లవాడు సంఘంలో పాట నడిపించాలనుకుంటున్నాడా, లేక ఇతర వాయిద్యాలతో కలిసి వాయించాలనుకుంటున్నాడా అని ముందు అడగండి. మొదటిదైతే చెక్క గిటారు కొనండి. రెండవదైతే ఎలక్ట్రిక్ సరియైనదే.

డబ్బు సంగతి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. చాలామంది డబ్బంతా గిటారుకే పెట్టి, ఇంటికి వచ్చాక ఆంప్ లేదని తెలుసుకుంటారు. ఉన్న సొమ్మును మూడు పాళ్లు చేయండి. రెండు పాళ్లు గిటారుకు. మిగిలిన పాలులో పది, పదిహేను వాట్ల చిన్న ఆంప్, పది అడుగుల వైరు, బెల్టు, సంచి, పిక్కులు, ఒక సెట్టు అదనపు తీగలు రావాలి. శ్రుతి చూసే మీటరు కొననక్కర లేదు, సెల్‌ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. చెవికి పెట్టుకునే హెడ్‌ఫోనుకు రంధ్రమున్న ఆంప్ అయితే చదువుకునే చెల్లెలికి ఇబ్బంది ఉండదు.

పేర్ల విషయానికి వస్తే, అమెరికా ఫెండర్ కంపెనీ తన చవక రకాలను 1982 నుండి స్క్వయర్ అనే పేరుతో అమ్ముతున్నది. యమహా వారి పసిఫికా, ఐబనెజ్ వారి జియో కూడా క్రొత్తవారికి తగినవే. ఇవి ఈ రోజుల్లో ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటున్నాయి. మన దేశపు పేర్లతో వచ్చేవి ఇంకా తక్కువకు దొరుకుతాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి రెండు మూడు చోట్ల విచారించండి. పేరు చూసి మాత్రం మోసపోకండి. ఒకే పేరున్న రెండు గిటార్లలో ఒకటి బాగుండి, ఇంకొకటి బాగుండకపోవచ్చు.

సరిగమలు రాని తండ్రి ఎలా చూడాలి? లియో ఫెండర్ అనే ఆయన కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా వాయించేవారు చెప్పింది శ్రద్ధగా వింటూ, 1954లో లోకమంతా ఈనాటికీ అనుకరిస్తున్న స్ట్రాటోకాస్టర్ గిటారును తెచ్చారు. మీరు ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు. మార్కెట్టులో పల్లికాయ వలిచి గింజ చూస్తారు. గద్వాల చీర కొనేటప్పుడు మన స్త్రీలు నూలుకు పట్టు అంచు కలిపిన చోటును వేలితో తడిమి చూస్తారు. ఆ కన్నూ ఆ వేలూ ఇక్కడ చాలు.

మొదట గిటారును తుపాకి గురిపెట్టినట్లు పట్టుకుని మెడ పొడవునా చూడండి. మెలి ఉంటే వద్దనండి. తరువాత లావు తీగను మొదటి ఫ్రెట్ వద్ద ఒక వేలితో, చివరి ఫ్రెట్ వద్ద ఒక వేలితో నొక్కమనండి. మధ్యలో తీగకూ ఫ్రెట్‌కూ నడుమ దళసరి కాగితమంత సందు ఉండాలి. ఎక్కువైతే మెడలోని ఇనుప కడ్డీని తిప్పి సరిచేయమని కొట్టువానినే అడగండి. దాని పేరు ట్రస్ రాడ్. అది లేని గిటారు కొనకండి.

రెండవది, తీగల ఎత్తు. పన్నెండవ ఫ్రెట్ మీద, తీగ క్రింద, రెండు ఏటీఎం కార్డులు పేర్చి దూర్చండి. రెండు పడితే సరి. మూడు సులువుగా దూరితే ఎత్తు ఎక్కువ, పిల్లవాని వేళ్లు నొస్తాయి. మా అబ్బాయి గిటారుకు నాలుగు దూరేవి.

మూడవది, మెడ అంచు వెంట అరచేయి జరపండి. ఫ్రెట్ కొనలు గీసుకోకూడదు. మెడ, ఒళ్లు కలిసే చోట సందు, కదలిక ఉండకూడదు.

నాలుగవది, శ్రుతి. ఆరు తీగలనూ ఫోను చూసి సరిచేయమనండి. లావు తీగ నుండి సన్నదాని వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ. తరువాత ఒక్కొక్క తీగనూ పన్నెండవ ఫ్రెట్ వద్ద నొక్కి మీటితే అదే అక్షరం రావాలి, ముల్లు మధ్యలో నిలవాలి. పది నిమిషాలు వాయించనిచ్చి, టీ త్రాగి వచ్చి మళ్లీ చూడండి. క్రొత్త తీగలు కొంచెం సాగడం సహజం. మాటిమాటికీ దిగిపోతే కీలు బాగాలేవని అర్థం. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ వద్దా మీటించండి, ఎక్కడా గరగర రాకూడదు.

ఐదవది, ఆంప్‌కు కలిపి వినండి. గుండీలు త్రిప్పినప్పుడు, వైరు కదిపినప్పుడు చిటపటలు రాకూడదు. ట్యూబులైటు దగ్గర కొంచెం హమ్ శబ్దం సహజమే. తీగలపై చేయి పెడితే అది తగ్గాలి. వంతెన కదిలే రకాలలో, తీగలకు తాళాలు వేసి బిగించేవి క్రొత్తవారికి కష్టం. కదలని వంతెన ఉన్నది తీసుకోండి.

ఈ పరీక్షలు ఫోనులో ఆర్డరు పెడితే సాధ్యం కావు. గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్లనుండి రైలులో కర్నూలుకైనా, హైదరాబాదుకైనా వెళ్లవచ్చు. నాగర్‌కర్నూలు వారికి బస్సు ఉంది. వాయించడం తెలిసిన ఒక సహోదరుణ్ణి వెంట తీసుకొని పోండి. ఆయన చార్జీ మీరే పెట్టండి. పాతది కొన్నా ఇవే పరీక్షలు, ఫ్రెట్లు గాట్లు పడ్డాయేమో అదనంగా చూడండి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఇది ప్రాణానికి సంబంధించింది. మన పల్లె మందిరాల్లో చాలాచోట్ల ఎర్తింగు ఉండదు, లేదా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తారు. గిటారు తీగలు పట్టుకున్నవాని పెదవి మైకుకు తగిలితే షాకు కొట్టవచ్చు. కొంచెం జివ్వుమన్నా వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ను పిలవండి. తడి నేలమీద, వట్టి కాళ్లతో వాయించనివ్వకండి. గిటారుకు ముందు ఎర్తింగుకు ఖర్చు పెట్టిన సంఘం జ్ఞానం గల సంఘం. గిటారు వైరును నేరుగా మైకు సెట్టుకు గుచ్చవద్దు, శబ్దం పలచగా వస్తుంది. చిన్న ఆంప్ ముందు ఒక మైకు పెట్టండి. వెనుక వరుసలోని ముసలమ్మ తన పాట తనకు వినబడుతున్నదా అని ప్రతి ఆదివారం చూసుకొమ్మని అబ్బాయికి చెప్పండి. వినబడకపోతే గిటారు తగ్గాలి. ఆ పెద్దాయన భయం కూడా అప్పుడే పోతుంది.

మన ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. గిటారును రేకుల క్రింద, కిటికీ ప్రక్కన ఉంచితే మెడ వంగుతుంది. సంచిలో పెట్టి, చల్లని గోడ వైపు ఉంచండి.

చివరికి అన్నా, మీ ఇంటి నిర్ణయం. నాకు తోచినది ఇది. పరీక్షలు ముగిసేవరకు కొనకండి. అంతవరకు సంఘంలో ఎవరిదైనా చెక్క గిటారు అడిగి తెచ్చి, రోజుకు ఇరవై నిమిషాలు సాధన చేయనివ్వండి. అరువు తెచ్చిన దాని తీగల ఎత్తు కూడా చూడండి. ఫీజు డబ్బు తల్లి చేతిలోనే ఉండనివ్వండి, అది ఆమె మాట. పరీక్షల తరువాత కూడా అబ్బాయి సాధన మానకపోతే, ఫీజు పోగా మిగిలిన దానితో కొనండి. మిత్తికి అప్పు తెచ్చి మాత్రం కొనవద్దు. వేసవి సెలవుల్లో వాడు చేసిన కూలి కొంతైనా అందులో కలిస్తే ఆ గిటారును వాడు జాగ్రత్తగా చూసుకుంటాడు.

ఒకనాడు వాడు విసుగుతో గిటారు పక్కన పెడితే, కోప్పడేముందు ఆ రెండు కార్డులు తీసుకొని వాని ప్రక్కన కూర్చోండి. నేను ఆ పని చేయలేదు.

ప్రభువు మీ కుటుంబమును, మీ పంటను, మీ కుమారుని చేతులను దీవించును గాక.